ఢిల్లీలో చదువు: ఏ విశ్వవిద్యాలయం, ఏ కాలేజీ, ఏ గది?

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం నుంచి మా బంధువుల ఇళ్లలోనూ తెలిసినవాళ్ల ఇళ్లలోనూ ఏటా ఒకటే ప్రశ్న వినిపిస్తుంది: "ఢిల్లీ పంపాలనుకుంటే ఏ యూనివర్సిటీకి పంపమంటారు?" నేను అక్కడ మూడేళ్లు డిగ్రీ, ఆ తర్వాత రెండేళ్లు ఎం.ఏ. చదివాను కనుక ఆ ప్రశ్న నా దాకా వస్తుంది. నేను చెప్పే జవాబు మొదట ఎవరికీ రుచించదు. విశ్వవిద్యాలయం పేరును కాసేపు పక్కన పెట్టి, కోరుకున్న కోర్సు ఏ కాలేజీలో దొరుకుతుంది, ఆ కాలేజీకి ఎంత దూరంలో మీ పిల్లకు మంచం దొరుకుతుంది అన్న రెండు విషయాలనూ కలిపి చూడమంటాను. ఢిల్లీలో సగం చదువు తరగతి గదిలో జరిగితే మిగతా సగం సాయంత్రం అయిదు దాటాక జరుగుతుంది. మండీ హౌస్ దగ్గర నాటకాలు, రవీంద్ర భవన్‌లోని సాహిత్య అకాడమీ గ్రంథాలయంలో తెలుగు పుస్తకాల అరలు, తీన్‌మూర్తి గ్రంథాలయంలో పాత పత్రికలు, ఊరంతా ఉచితంగా జరిగే ఉపన్యాసాలు, ఆదివారం ఆసఫ్ అలీ రోడ్డు దగ్గర మహిళా హాట్‌లో పాత పుస్తకాల సంత, అన్నిటికన్నా ముఖ్యంగా కాలేజీ ఆవరణలో చీకటి పడేదాకా సాగే డిబేటింగ్, నాటక బృందాల అభ్యాసాలు ఆ రెండో సగంలోనివి. మెట్రోలో, బస్సులో, ఈ-రిక్షాలో కలిపి గంటన్నర ప్రయాణం చేసి గదికి చేరేవాడికి వీటిలో ఏదీ దక్కదు. దక్కనప్పుడు హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఇంటి దగ్గర చదవడానికీ ఇంత దూరం రావడానికీ తేడా ఏమీ మిగలదు.

ఒకే పేరు, దాదాపు తొంభై కాలేజీలు

ఢిల్లీ విశ్వవిద్యాలయం 1922లో సెయింట్ స్టీఫెన్స్, హిందూ, రామ్‌జస్ అనే మూడు కాలేజీలతో మొదలైంది. ఇప్పుడు దాని కింద దాదాపు తొంభై ఉన్నాయి. సిలబస్ ఒకటే, ప్రశ్నపత్రం ఒకటే, పట్టా మీద ముద్ర ఒకటే. అందువల్ల మనవాళ్లు "డీయూలో సీటు వచ్చింది" అని చెప్పి అక్కడితో ఆగిపోతారు. కానీ ఉత్తర ప్రాంగణంలో నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న హిందూ, హన్స్‌రాజ్, మిరాండా హౌస్, కిరోడీమల్, శ్రీరామ్ కాలేజ్ ఆఫ్ కామర్స్‌లలో ఒకదానిలో చదివే పిల్లకూ, ఊరి చివర అలీపూర్‌లోనో బవానాలోనో ఉన్న కాలేజీలో చదివే పిల్లకూ మూడేళ్ల అనుభవం ఒకటి కాదు. మొదటి పిల్ల ఒక కాలేజీలో తరగతి విని, రెండో కాలేజీలో ఉపన్యాసానికి వెళ్లి, మూడో కాలేజీ స్నేహితులతో కలిసి విశ్వవిద్యాలయ కేంద్ర గ్రంథాలయంలో కూర్చోగలదు. రెండో పిల్లకు తన కాలేజీ ఇచ్చినంతే దక్కుతుంది. ఆ కాలేజీల్లో అధ్యాపకులు తక్కువవారని కాదు. ఎంతో శ్రద్ధగా చెప్పేవారు అక్కడా ఉన్నారు. చుట్టూ ఉండే వాతావరణమే వేరు.

దక్షిణ ఢిల్లీ వైపు మనవాళ్లకు బాగా తెలిసిన పేరు శ్రీ వేంకటేశ్వర కాలేజీ. తిరుమల తిరుపతి దేవస్థానాలు 1961లో స్థాపించిన ఈ కాలేజీకి దగ్గరి మెట్రో స్టేషన్ పేరు దుర్గాబాయ్ దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్. రాజమండ్రిలో పుట్టి రాజ్యాంగ సభ దాకా వెళ్లిన ఆమె పేరు రోజూ ఆ స్టేషన్ ప్రకటనల్లో వినిపించడం, ఊరు వదిలి వచ్చిన మొదటి నెలలో నాకు చెప్పలేనంత ధైర్యాన్నిచ్చింది. అయితే దేవస్థానం నడుపుతోంది కనుక తెలుగువాళ్లకు సీటు తేలిక అనుకోవద్దు; అక్కడా ప్రవేశం డీయూ ఉమ్మడి కేటాయింపు ద్వారానే జరుగుతుంది. దాని చుట్టూ ఆత్మారామ్ సనాతన ధర్మ, మోతీలాల్ నెహ్రూ వంటి కాలేజీలు ఉన్నాయి. ఎదురుగా సత్య నికేతన్ నిండా విద్యార్థుల గదులే. ఆడపిల్లల కోసం 1956లో మొదలైన లేడీ శ్రీరామ్ కాలేజీ లజ్‌పత్ నగర్ వైపు విడిగా ఉంటుంది. క్రైస్తవ కుటుంబాల పిల్లలు గుర్తుంచుకోవలసింది ఒకటుంది: సెయింట్ స్టీఫెన్స్‌లో సగం సీట్లు క్రైస్తవ విద్యార్థులకు కేటాయిస్తారు. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఈ సంగతి తెలియక దరఖాస్తు కూడా పెట్టని మంచి విద్యార్థులను నేను చూశాను.

ఇక అసలు చిక్కు. మంచి కాలేజీలో రెండో ఇష్టమైన కోర్సా, అంతగా పేరులేని కాలేజీలో మొదటి ఇష్టమైన కోర్సా? ఆర్థికశాస్త్రమో భౌతికశాస్త్రమో చదవాలన్న కోరిక గట్టిగా ఉంటే, ఎం.ఎస్సీ., పీహెచ్.డీ. దాకా వెళ్లే ఉద్దేశం ఉంటే, కోర్సును వదులుకోకూడదు. కాకపోతే ఆ కోర్సు ఉన్న కాలేజీల్లో ప్రాంగణానికి దగ్గరగా ఉన్నవాటిని ముందు పెట్టుకోవాలి. అంత గట్టి కోరిక లేని పిల్లలకు, ముఖ్యంగా సివిల్స్ ఆలోచన ఉన్నవాళ్లకు, దూరపు కాలేజీలో ఒకే సబ్జెక్టును లోతుగా చదివే ఆనర్స్ కన్నా హిందూలోనో మిరాండాలోనో వేంకటేశ్వరలోనో బి.ఏ. ప్రోగ్రామ్ మేలని నా నమ్మకం. రెండు విషయాలు కలిపి చదివే ఆ కోర్సును మనవాళ్లు చిన్నచూపు చూస్తారు, అది తప్పు. చరిత్ర, రాజనీతి శాస్త్రం కలిపి చదివిన పిల్లలు నా తరగతిలో ఆనర్స్ పిల్లలకు ఏమీ తీసిపోలేదు. 2022లో వచ్చిన కొత్త విధానం ప్రకారం మూడేళ్లకు డిగ్రీ తీసుకుని బయటికి రావచ్చు, లేదా నాలుగో ఏడు కూడా చదవవచ్చు. అంటే ఖర్చు లెక్క మూడేళ్లకా, నాలుగేళ్లకా అన్నది ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి.

జేఎన్‌యూ, జామియా, మిగతావి

జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో చేరతామని అడిగే ఇంటర్ పిల్లల్లో చాలామందికి అక్కడ డిగ్రీ స్థాయిలో ఏముందో తెలియదు. చరిత్ర, రాజనీతి, సామాజిక శాస్త్రాలు అక్కడ ఎం.ఏ. నుంచే మొదలవుతాయి. ఇంటర్ తర్వాత ప్రధానంగా ఉన్నవి విదేశీ భాషల బి.ఏ. కోర్సులు: ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్, రష్యన్, జపనీస్, కొరియన్, చైనీస్, అరబిక్, పర్షియన్. ఇవి చిన్నవిగా చూడవలసిన కోర్సులు కావు. మాతృభాష కాక ఇంకో రెండు భాషలు ఇప్పటికే నేర్చిన పిల్లకు, భాషంటే ఇష్టం ఉన్న పిల్లకు, జర్మనో జపనీసో అక్షరాల నుంచి మొదలుపెట్టి మూడేళ్లు నేర్పే చోటు ఇంత తక్కువ ఖర్చులో మరొకటి దొరకడం కష్టం. ట్యూషన్ ఫీజు ఏడాదికి కొన్ని వందల రూపాయలే. మెస్ బిల్లు, హాస్టల్ ఖర్చులు వేరు.

ఎం.ఏ. విషయానికి వస్తే నా మొగ్గు దాచుకోను. సామాజిక శాస్త్రాలు, అంతర్జాతీయ సంబంధాలు, చరిత్ర చదివేవారికి నేను జేఎన్‌యూనే ముందు చెబుతాను, కారణం అది నివాస విశ్వవిద్యాలయం కావడమే. ఆరావళి రాళ్ల మధ్య వెయ్యి ఎకరాలకు పైగా ఉన్న ప్రాంగణంలో హాస్టళ్లకు నదుల పేర్లు: గంగ, సట్లెజ్, పెరియార్, కావేరి, నర్మద, మన గోదావరి. తరగతి, తొమ్మిదంతస్తుల గ్రంథాలయం, మెస్, ధాబా అన్నీ కాలినడక దూరంలో ఉండడంతో, మధ్యాహ్నం తరగతిలో తెగని చర్చ రాత్రి పదకొండుకు గంగా ధాబా రాళ్ల మీద టీ గ్లాసులతో కూర్చుని సాగేది. నేను డిగ్రీ చదివిన మూడేళ్లలో నేర్చుకున్న దానికన్నా ఎక్కువ ఆ రాళ్ల మీద నేర్చుకున్నానని అంటే అతిశయోక్తి కాదు. ఊళ్లోకి వెళ్లాలంటే 615 నంబరు బస్సు లోపలి నుంచే దొరుకుతుంది. మెట్రోకి మునిర్కా దాకా రావాలి. అయితే చేరిన రోజే హాస్టల్ గది చేతికి వస్తుందనుకోవద్దు. గదులు చాలవు, వరుసలో ఆగాల్సి వస్తుంది. ఆ నెలలకు బయట అద్దె డబ్బు సిద్ధం చేసుకుని రావాలి. అర్థశాస్త్రం ఎం.ఏ. అయితే మాత్రం డీయూలో 1949లో ఏర్పడిన ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌ను ముందు పెట్టమంటాను.

అక్కడి రాజకీయాల గురించి తల్లిదండ్రులు భయపడుతూ అడుగుతారు. డీయూలోనూ జేఎన్‌యూలోనూ విద్యార్థి సంఘాల ఎన్నికలు జోరుగా జరుగుతాయి. గోడల మీద పోస్టర్లు, మెస్‌లో రాత్రి ప్రసంగాలు ఉంటాయి. వినడమా, చేరడమా, గదికి వెళ్లి పడుకోవడమా అన్నది విద్యార్థి ఇష్టం. నేను చదివిన అయిదేళ్లలో ఎవరూ నన్ను చేయిపట్టి లాగలేదు, కానీ ఆ ప్రసంగాలు విన్నందువల్ల పత్రిక చదివే తీరు మారింది.

జామియా మిల్లియా ఇస్లామియా 1920లో అలీగఢ్‌లో పుట్టి 1925లో ఢిల్లీకి మారింది, 1988లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. చాలా కోర్సులకు సొంత ప్రవేశ పరీక్ష ఉంటుంది కనుక కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ రాసి ఊరుకుంటే చాలదు, దరఖాస్తు విడిగా పెట్టాలి. సగం సీట్లు ముస్లిం విద్యార్థులకు ఉంటాయి. హైదరాబాద్ పాతబస్తీ నుంచి, కర్నూలు, కడపల నుంచి వెళ్లాలనుకునే కుటుంబాలు దీన్ని తప్పక పరిశీలించాలి. జర్నలిజం, సినిమా నిర్మాణం వైపు వెళ్లాలనుకునేవారు ఏ మతం వారైనా సరే, అక్కడి ఏజేకే మాస్ కమ్యూనికేషన్ రీసెర్చ్ సెంటర్‌లో ఎం.ఏ.ను లక్ష్యంగా పెట్టుకోవచ్చు.

అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, గురు గోవింద్ సింగ్ ఇంద్రప్రస్థ విశ్వవిద్యాలయం, ఢిల్లీ టెక్నలాజికల్ యూనివర్సిటీ వంటివి ఢిల్లీ ప్రభుత్వానివి. వీటిలో 85 శాతం సీట్లు ఢిల్లీ వారికే. మనం పోటీపడేది మిగిలిన 15 శాతానికి. ఆశ పెట్టుకోవద్దనడం లేదు, మొదటి ఆశగా పెట్టుకోవద్దంటున్నాను.

ఒక మాట హైదరాబాద్ గురించి కూడా చెప్పాలి. 1974లో ఏర్పడిన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఇంటర్ తర్వాత అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులు ఉన్నాయి, ప్రాంగణంలోనే హాస్టళ్లున్నాయి. సైన్సు, సామాజిక శాస్త్రాల్లో పరిశోధన దాకా వెళ్లాలనుకునే పిల్లకు అక్కడ సీటు వచ్చి, ఢిల్లీలో ఊరి చివరి కాలేజీలో మాత్రమే వస్తే, నేను హైదరాబాద్‌లోనే ఉండమంటాను. ఢిల్లీ ఎం.ఏ.కి కూడా వెళ్లవచ్చు.

పరీక్ష, ప్రాధాన్య క్రమం, ధ్రువపత్రాలు

2022కు ముందు డీయూలో సీటు పన్నెండో తరగతి మార్కుల కటాఫ్ మీద వచ్చేది. అప్పటి నుంచి సీయూఈటీ మార్కుల మీద వస్తోంది. 2025 నుంచి గరిష్ఠంగా అయిదు పేపర్లు రాయవచ్చు. ఒక్కొక్కదానిలో 50 ప్రశ్నలు, 60 నిమిషాలు, ఒప్పుకు 5 మార్కులు, తప్పుకు 1 కోత. పరీక్షను తెలుగులోనూ రాయవచ్చు, కానీ ప్రశ్నలు ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి పుస్తకాల నుంచి వస్తాయి కనుక ఇంటర్ పుస్తకాలొక్కటే నమ్ముకోకూడదు. డీయూకి రాసే సబ్జెక్టులు ఇంటర్‌లో చదివినవే అయి ఉండాలి. ఎకనామిక్స్ ఆనర్స్‌కు లెక్కల పేపరు తప్పనిసరి; సీఈసీ పిల్లలు ఇది ఇంటర్‌లో చేరేటప్పుడే తెలుసుకోవాలి. మరోవైపు ఎంపీసీ చదివిన పిల్ల ఒక భాషా పేపరు, తన మూడు సబ్జెక్టులతోనే చరిత్ర ఆనర్స్‌కు పోటీపడవచ్చు. ఇంజినీరింగ్ వద్దు, ఏం చేయాలో తెలియడం లేదు అనే పిల్లలకు ఈ సంగతి ఒక తలుపు తెరుస్తుంది.

మార్కులు వచ్చాక కోర్సు, కాలేజీ జతలను ఇష్టం వచ్చిన వరుసలో పెట్టాలి. ఈ వరుసే అసలైన ఎంపిక. కేటాయించిన సీటును గడువులోగా అంగీకరించకపోతే ఆ దశలో బయటపడతారు. అంగీకరించి పైదానికి మారే అవకాశం కోరితే, మీ వరుసలో దానికన్నా పైన ఉన్నవాటికి మాత్రమే పరిశీలిస్తారు. కాబట్టి గత ఏడాది ఎవరికి ఎంతకు వచ్చిందన్న లెక్కలతో వరుసను కిందామీదా చేయకుండా, నిజంగా ఏది ముందు కావాలో అదే ముందు పెట్టాలి. మ్యాపులో ప్రతి కాలేజీ చుట్టూ మెట్రో స్టేషన్ ఎంత దూరమో, విద్యార్థులుండే కాలనీ ఏదో ఒక నోటుబుక్కులో రాసుకుని ఆ తర్వాతే వరుస నింపండి; ఒక పూట పని, మూడేళ్లకు పనికొస్తుంది.

ధ్రువపత్రాల విషయంలో మా పక్కింటి అమ్మాయికి జరిగింది చెబుతాను. కోరుకున్న కాలేజీయే వచ్చింది. ఆమె దగ్గరున్నది మన రాష్ట్రంలో పనికొచ్చే బీసీ-డి కుల ధ్రువపత్రం. డీయూ అడిగింది కేంద్ర ప్రభుత్వ నమూనాలో, ఆ ఏడాది ఇచ్చిన, నాన్ క్రీమీలేయర్ అని రాసిన ఓబీసీ పత్రం. గడువు మూడు రోజులు. వాళ్ల నాన్న మీసేవకూ తహసీల్దార్ కార్యాలయానికీ మధ్య కాళ్లరిగేలా తిరిగాడు. సంతకం పెట్టాల్సిన అధికారి రెండు రోజులు అందుబాటులో లేరు. నోటిదాకా వచ్చిన ముద్ద చివరి సాయంత్రం దక్కింది, కానీ ఆ మూడు రోజులు ఆ ఇంట్లో ఎవరూ సరిగా నిద్రపోలేదు. రాష్ట్ర జాబితాలోని బీసీ కులాలన్నీ కేంద్ర ఓబీసీ జాబితాలో లేవు. ముందు అది చూసుకోండి. ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ పత్రాలు ఆ ఏడాది మార్చి 31 తర్వాత ఇచ్చినవై ఉండాలి. ఏప్రిల్‌లోనే తీసి పెట్టుకోండి.

గది

డీయూలో హాస్టల్ ఉన్న కాలేజీలే తక్కువ, ఉన్నచోట కూడా సీట్లు కొన్నే. ఎక్కువమంది పేయింగ్ గెస్ట్ గదుల్లోనే ఉంటారు: ఉత్తరాన కమలా నగర్, విజయ్ నగర్, హడ్సన్ లేన్, దక్షిణాన సత్య నికేతన్, మునిర్కా, బేర్ సరాయ్, కట్వారియా సరాయ్. నా మొదటి గదికి కిటికీ లేదు. పగలు పదకొండుకు కూడా బల్బు వేసుకుని చదివేవాణ్ని. తలుపు తీస్తే ఎదురుగా మూడడుగుల్లో పక్క భవనం గోడ. ఉతికిన బట్టలు రెండు రోజులకూ ఆరేవి కావు, జనవరిలో తువ్వాలు ముట్టుకుంటే చల్లగా, బరువుగా ఉండేది. అద్దె తక్కువని తీసుకున్నాను. కరెంటుకు విడిగా మీటరు పెట్టి యజమాని తన ఇష్టమొచ్చిన రేటు వేసేవాడు. నెలాఖరున చూస్తే పక్క వీధిలో ఎండ పడే గదికీ దీనికీ తేడా మూడు వందలు కూడా లేదు. నాలుగో నెలలో మారాను, అడ్వాన్సు మాత్రం తిరిగి రాలేదు.

గది చూసేటప్పుడు మెట్లు ఒకేవైపు ఉన్నాయా, మంటలు వస్తే దిగడానికి రెండో దారి ఉందా అని తప్పక చూడండి. 2024 జులై 27న సివిల్స్ కోచింగ్‌కు పేరున్న పాత రాజేంద్రనగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్ గ్రంథాలయంలోకి వాననీరు ముంచుకొచ్చి ముగ్గురు సివిల్స్ అభ్యర్థులు చనిపోయారు. నేల కింద గదిలో పడుకోవడానికీ చదువుకోవడానికీ డబ్బు కట్టవద్దు, ఎంత తక్కువకు ఇచ్చినా సరే. డిగ్రీ చదువుతూనే కోచింగ్ అంటూ మొదటి ఏడాదే పాత రాజేంద్రనగర్‌కు మారిపోయే తెలుగు పిల్లలకు కూడా నా విన్నపం ఒకటే: కాలేజీ దగ్గర ఉండండి, డిగ్రీ పూర్తి చేయండి, కోచింగ్ తర్వాత చూడవచ్చు.

వాతావరణం గురించి ఇంట్లోవాళ్లు చలి ఒక్కటే ఆలోచించి స్వెట్టర్లు కొంటారు. చలికి దుప్పటి ఉంది. అక్టోబరు చివర నుంచి కమ్ముకునే పొగకు లేదు. నవంబరులో గాలి నాణ్యత సూచీ 400 దాటే రోజులుంటాయి, గొంతు మండుతుంది. ఉబ్బసం ఉన్న పిల్లను ఢిల్లీ పంపేముందు డాక్టరుతో మాట్లాడాలి. పంపితే రోడ్డు మీదికి తెరుచుకునే గది కాకుండా లోపలి వీధిలో గది వెతకాలి. భాష సంగతి అంత భయపడనక్కర్లేదు. పాఠం ఇంగ్లిష్‌లో సాగినా మధ్యమధ్య హిందీ దొర్లుతుంది, ఆఫీసు గుమాస్తాతోనూ ఇంటి యజమానితోనూ హిందీయే మాట్లాడాలి. ఒక సెమిస్టరులో అలవాటవుతుంది. తిండికి మొదటి నెలంతా రాజ్మా, రొట్టెతో బెంగపడినవాళ్లు ఆదివారం అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్‌లో పప్పు, గోంగూర పచ్చడి కలుపుకుని తింటే మళ్లీ వారం లాగించగలరు.

తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో గానీ, విశాఖ నుంచి ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో గానీ పిల్లతో పాటు ఒకరు వెళ్లి, తరగతులు మొదలవడానికి వారం ముందే అక్కడ ఉండండి. బ్రోకరు మధ్యాహ్నం చూపించిన గదిని రాత్రి ఎనిమిదికి మళ్లీ వెళ్లి చూడండి. అప్పటికి అందరూ గదులకు చేరి ఉంటారు, కుళాయిలో నీళ్లు వస్తున్నాయో లేదో, వీధి దీపం వెలుగుతోందో లేదో, మెట్రో నుంచి గది దాకా ఆ వేళ ఆడపిల్ల నడవగలదో లేదో తెలుస్తుంది. పక్కగదిలో ఉంటున్న విద్యార్థిని విడిగా పిలిచి, పోయిన నెల కరెంటు బిల్లు ఎంత కట్టావని అడగండి. ఆ తర్వాతే అడ్వాన్సు ఇవ్వండి, ఇచ్చినదానికి కాగితం మీద సంతకం తీసుకోండి.